అంగవైకల్యపు పింఛనుకు ఎకరముల కొలత తగునా?



మన సంఘ పత్రికయందు విత్తనములను గూర్చియు, ఎరువులను గూర్చియు, పంట ఋణములను గూర్చియు వ్రాయుట వాడుక. ఈ మాసమున వికలాంగుల పింఛనును గూర్చి వ్రాయబూనితిని. ఇది సేద్యమునకు సంబంధింపని విషయమని కొందరు తలపవచ్చును. అట్లు తలచుట సరికాదు. సేద్యము మనుష్యుని పోషించును. అప్పుడప్పుడు అదే సేద్యము మనుష్యుని అవయవమును గూడ తీసికొనును. నూర్పిడి యంత్రములో చేయి పడినవారు, చొప్ప కత్తిరించు యంత్రమున వ్రేళ్లు పోగొట్టుకొన్నవారు, తాటిచెట్టుమీదినుండి పడి నడుము విరిగినవారు, మోటారువద్ద కరెంటు కొట్టి చేయి కాలినవారు, పాముకాటువలన కాలు పోయినవారు నేను పనిమీద తిరుగు ఊళ్లన్నిటను కనబడుచున్నారు. వీరిలో కొందరికి పింఛను వచ్చుచున్నది. కొందరికి వచ్చుటలేదు. ఎవరికి వచ్చుచున్నది, ఎవరికి రాకున్నది, ఆ భేదమునకు కారణమేమి అని విచారించినచో, కారణము చాలసారులు వారి దేహమునందు గాక వారి పాసు పుస్తకమునందు కానవచ్చుచున్నది.

2011 సంవత్సరపు జనాభా లెక్కల ప్రకారము మన దేశమున వికలాంగులు 2 కోట్ల 68 లక్షలమంది. అనగా ప్రతి నూరుగురిలో ఇద్దరికి పైబడి యున్నారు. వీరిలో నూటికి 69 మంది పల్లెలలో నివసించువారే. కావున వికలాంగుల పింఛను ముఖ్యముగా పల్లెటూరి ప్రశ్న. పల్లెటూరి ప్రశ్న యగుటచేత భూమితో ముడిపడిన ప్రశ్న. ఆ ముడిని విప్పి చూపుటయే ఈ వ్యాసోద్దేశము.

మొదట ఒక పోలిక చెప్పెదను. ఫ్యాక్టరీలో పనిచేయు కూలివాని బొటనవ్రేలు యంత్రమున పడి తెగినదనుకొందము. 1923లో చేసిన కార్మిక నష్టపరిహార చట్టమునకు చేర్చిన పట్టికలో, బొటనవ్రేలు పోయినచో మనుష్యుని సంపాదనశక్తిలో నూటికి 30 వంతులు పోయినట్లే యని వ్రాసియున్నారు. ఆ లెక్కప్రకారము యజమాని పరిహార మియ్యవలెను. ఆ కూలివానికి ఊరిలో ఎకరము పొలమున్నదా, రెండెకరములున్నవా, ఇంటి కరెంటు బిల్లెంత అని ఆ చట్టమడుగలేదు. 1923 నాటి చట్టమును తరువాత 2020 సంవత్సరపు సాంఘిక భద్రతా స్మృతిలో కలిపినప్పుడు గూడ ఈ సూత్రము చెడలేదు. పనిలో అంగము పోయినవానికి పోయినదానినిబట్టి ఇయ్యవలెను, ఉన్నదానినిబట్టి కాదు అనునది ఆ సూత్రము.

ఇప్పుడు రైతును చూడుడు. తన చేనున తానే యజమాని, తానే కూలి. ఆతని బొటనవ్రేలు తెగినచో పరిహార మియ్యవలసిన యజమాని లేడు. ఆతనికి మిగిలిన ఆధారము ప్రభుత్వమువారి పింఛనొక్కటే. ఆ పింఛనుకు రెండు గడపలు కలవు. ఒకటి వైకల్యపు గడప, రెండవది ఆస్తి గడప. రెండును దాటినవానికే సొమ్ము ముట్టును.

మొదటి గడపను గూర్చి సంగ్రహముగా చెప్పెదను. 2016 సంవత్సరపు వికలాంగుల హక్కుల చట్టము 2017 ఏప్రిలు 19వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. 1995 నాటి పాత చట్టము 7 విధముల వైకల్యములనే గుర్తింపగా, ఈ చట్టము 21 విధములను గుర్తించినది. నూటికి 40 వంతులు గాని అంతకు మించి గాని వైకల్యము కలవారికి ప్రత్యేకమైన హక్కులను చెప్పినది. మన రెండు తెలుగు రాష్ట్రములును సామాన్యముగా ఈ 40 వంతులనే పింఛనుకు గీటుగా పెట్టినవి. కేంద్ర ప్రభుత్వమువారు 2009లో ఇందిరాగాంధి పేర నెలకొల్పిన వికలాంగుల పింఛనుకు మాత్రము గీటు 80 వంతులు. పైగా దారిద్ర్యరేఖకు దిగువనున్న కుటుంబమువారై యుండవలెను.

ఈ వంతులు దేనిని కొలుచుచున్నవో రైతులు గ్రహింపవలెను. అవి అవయవపు నష్టమును కొలుచునే గాని పనియొక్క నష్టమును కొలువవు. ఒక కన్ను పూర్తిగా పోయి రెండవ కన్ను చక్కగా నున్నచో నూటికి 30 వంతులని ప్రభుత్వ సూచనలు చెప్పుచున్నవి. బొటనవ్రేలొక్కటే మొదలంట పోయినవానికి వచ్చునదియు సుమారు అంతే. ఇందులో ఏ యొక్కదానివలనను 40 రాదు. బల్లవద్ద కూర్చుండి లెక్కలు వ్రాయువానికి కుడిచేతి బొటనవ్రేలు లేకపోవుట ఇబ్బందియే యైనను, ఎడమచేతితో వ్రాయుట నేర్చుకొనగలడు. కొడవలి పట్టవలసినవాడు, పార పట్టవలసినవాడు, పాలు పితుకవలసినవాడు ఏమి చేయగలడు? వైద్యుని కాగితముమీద ఇద్దరికిని ఒకటే అంకె. ఒకని జీవనము సాగును, మరియొకని జీవనము నిలిచిపోవును. ఆ 1923 నాటి పట్టికయైనను సంపాదనశక్తి అను మాటను వాడినది; మన పింఛను నియమములలో ఆ మాటయే లేదు.

రెండవ గడపయే మన సంఘ సభ్యులకు ముఖ్యమైనది. ఆంధ్రప్రదేశమున 2019 డిసెంబరునందు వెలువడిన ఉత్తర్వు పింఛనులకు కొన్ని కొలతలను పెట్టినది. పల్లెలలో కుటుంబపు ఆదాయము నెలకు 10,000 రూపాయలు, పట్టణములలో 12,000 రూపాయలు మించరాదు. కుటుంబమునకంతకు కలసి మాగాణి 3 ఎకరములకు లోబడి గాని, మెట్ట 10 ఎకరములకు లోబడి గాని, రెండును కలిపి 10 ఎకరములకు లోబడి గాని యుండవలెను. నాలుగు చక్రముల సొంతబండి ఉండరాదు. ట్రాక్టరు, ఆటో, టాక్సీలకు మాత్రము మినహాయింపు కలదు. ఇంట ప్రభుత్వోద్యోగి యుండరాదు. ఆదాయపు పన్ను కట్టువా రుండరాదు. కరెంటు వాడకము నెలకు 300 యూనిట్లు మించరాదు. తెలంగాణమున 2014 నవంబరులో ఆసరా పింఛనులకై చేసిన ఉత్తర్వునందు మాగాణికి 3 ఎకరములు, మెట్టకు ఏడున్నర ఎకరములు హద్దుగా పెట్టిరి.

ఈ కొలతలు వృద్ధులకు, వితంతువులకు, వికలాంగులకు ఒక్కటే. ఇక్కడనే పొరపాటున్నది. వార్ధక్యము అందరికిని వచ్చునది. వృద్ధులలో కలవారు, లేనివారు అను విభాగము చేయుట కొంతవరకు అర్థవంతమే. వికలాంగుని సంగతి వేరు. వానికి ఇచ్చు సొమ్ము లేమికి ఇచ్చు దానము కాదు. ఇతరులకు లేని ఖర్చు వానికి కలదు. ఇతరులకు కలిగిన శక్తి వానికి లేదు. ఆ రెంటికిని కలిపి ఇచ్చు భర్తీ అది.

లెక్కవేసి చూపెదను. ఇవి నేను ఉదాహరణకై వేసికొన్న అంకెలు; పాఠకులు తమ ఊరి ధరలతో మార్చుకొనవచ్చును. ఒక ఊరిలో రెండు కుటుంబములు, ఒక్కొక్కదానికి మూడున్నర ఎకరముల మాగాణి. మొదటి కుటుంబమున భార్యాభర్తలిద్దరును కష్టపడుదురు. కూలి తక్కువగా పెట్టుటచేత ఎకరమునకు 25,000 రూపాయలు మిగులును, మొత్తము 87,500. భార్య నూరు దినములు ఇతరుల పొలములలో కూలికి పోయి 30,000 తెచ్చును. ఏటికి 1,17,500 రూపాయలు. రెండవ కుటుంబమున భర్తకు కండ్లు రెండును పోయినవి. ఆతడు చేయవలసిన పనికంతకు కూలివారిని పెట్టవలసి వచ్చుటచేత ఎకరమునకు 17,000 మాత్రమే మిగులును, మొత్తము 59,500. భార్య ఆతనిని విడిచి కూలికి పోలేదు. మందులకు, ఆసుపత్రికి పోవు ఆటోలకు, తోడుమనిషికి నెలకు 1,500 చొప్పున ఏటికి 18,000 ఖర్చు. మిగులునది 41,500. భూమి సమానమే. బ్రతుకు మూడింట ఒక వంతు కూడ కొంచెము కష్టముగా నున్నది. నియమము చూచునది భూమినే గాని బ్రతుకును కాదు.

ఇంకొక వింత చూడుడు. ఈ రెండవ కుటుంబపు ఆదాయము నెలకు 10,000 రూపాయల హద్దునకు ఎంతో లోబడియున్నది. అయినను అరయెకరము ఎక్కువగుటచేత భూమి కొలతకు చిక్కినది. ఆంధ్రప్రదేశమున వికలాంగుల పింఛను 2024 జూలైనుండి నెలకు 6,000 రూపాయలు చేసిరి, ఏటికి 72,000. ఆ అరయెకరమువలన ఆ ఇంటికి ఏటికి వచ్చునది 8,500 రూపాయలు. దానివలన పోవునది 72,000 రూపాయలు! ఇట్టి నియమము రైతునకేమి బోధించును? అరయెకరమును తమ్ముని పేరనో, కుమార్తె పేరనో కాగితముమీద మార్చివేయుమని బోధించును. మార్చగలిగిన జాణ గట్టెక్కును, అమాయకుడు మునుగును. నిజము చెప్పినవానికి శిక్షయు, మరుగుపరచినవానికి బహుమానమును లభించునట్టి నియమము ఖజానాను గూడ కాపాడజాలదు.

మాగాణి మూడెకరములు, మెట్ట పదియెకరములు సమానమని ఎవరు చెప్పగలరు? కృష్ణా కాలువ చివరి భూములలో ఒక సంవత్సరము నీరు వచ్చును, ఒక సంవత్సరము రాదు. పాసు పుస్తకమున మాత్రము అది ఎప్పటికిని మాగాణియే. అనంతపురపు మెట్టలలో వానను నమ్మి వేరుసెనగ వేసినవాడు పదియెకరములున్నను పెట్టుబడి రాబట్టుకొనలేని సంవత్సరములు కలవు. బోరు ఎండిన తోట యింకను తోటగానే వ్రాయబడి యుండును. ఆకు రంగుపట్టికతో వరికి నత్రజని చాలినదో లేదో చెప్పగలను. పట్టాదారు పాసు పుస్తకము చూచి ఆ ఇంట పొయ్యి రాజుచున్నదో లేదో నేను చెప్పజాలను. అధికారులును చెప్పజాలరు.

కుటుంబమంతటి భూమిని లెక్కించుటలో మరియొక అన్యాయమున్నది. తండ్రికి నాలుగెకరములున్నవి. పోలియో వచ్చిన ఇరువదియైదేండ్ల కొడుకునకు ఆ నాలుగెకరములలో సెంటు భూమియైనను తన పేరలేదు. వాని సబ్బునకు, వాని ప్రయాణమునకు, వాని ఊతకర్రకు తండ్రియో, అన్నయో, వదినెయో ఇయ్యవలెను. ఇంట నుదారులున్నచో సరి. లేనిచో ఆ చేయి చాచుటలోనే వాని జీవితము గడచిపోవును. తన పేర పింఛనున్న వికలాంగుడు ఇంట భారముగా గాక భాగస్వామిగా నుండును. ఆడుబిడ్డల సంగతి ఇంతకంటెను కఠినము. పెండ్లికాని వికలాంగ స్త్రీకి తండ్రి భూమిలో హక్కు చట్టమున కలదు. చేతికి మాత్రము రాదు. రాని భూమిని చూపి వచ్చు పింఛనును కాదనుట న్యాయమా?

కరెంటు కొలత మాటయు కొంచెము చెప్పవలెను. అన్నదమ్ములు వేరు వేరుగా వండుకొనుచు ఒకే మీటరుమీద నున్న ఇండ్లు పల్లెలలో సామాన్యము. మంచము పట్టినవానికి రేయింబవళ్లు ఫ్యాను తిరుగవలెను. ఆ యూనిట్లన్నియు కలిసి ఐశ్వర్యమునకు గుర్తులుగా లెక్కింపబడునేమో గాని, వైకల్యమునకు గుర్తులుగా ఎవరును చదువరు.

వైకల్యము ఖర్చును పెంచునను మాట నా యూహ కాదు. అమర్త్య సేన్ పండితుడు 2009లో ప్రకటించిన న్యాయవిచార గ్రంథమున, ఇంగ్లండు దేశపు కుటుంబములపై వీబ్కె కుక్లిస్ చేసిన పరిశోధనను ఉదాహరించెను. వికలాంగుడున్న కుటుంబములలో ఆదాయమును మాత్రమే చూచినచో నూటికి 23.1 మంది పేదలు. అదే ఆదాయముతో ఇతరులవలె బ్రతుకుటకు వికలాంగునికి కావలసిన అదనపు ఖర్చును గూడ లెక్కించినచో, పేదలు నూటికి 47.4 మంది యగుదురు. అనగా ఆదాయపు రేఖకు పైనున్నట్లు కనబడినవారిలో ఎందరో నిజముగా దిగువనే యున్నారు. ధనిక దేశమందే యిట్లుండగా, ఇంటినుండి రోడ్డునకు పోవుటకే కాలిబాట సరిగాలేని మన పల్లెల మాట వేరుగ చెప్పనేల?

ఆస్తి గీటులకు మరియొక దోషము కలదు. గీచిననాడు గీయుదురు, తరువాత మరచిపోవుదురు. కేంద్ర ప్రభుత్వమువారి వికలాంగుల పింఛను 80 ఏండ్లకు లోబడినవారికి 2012లో నెలకు 300 రూపాయలు చేసిరి. అటుపిమ్మట ధరలెంత పెరిగినను ఆ అంకె పెరుగలేదు. ఇట్టిది మన దేశమునకే పరిమితము కాదు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో వృద్ధులకును వికలాంగులకును 1974లో మొదలైన సహాయ వేతనమున, ఒంటరివాని వద్ద నిలువయున్న సొత్తు 2,000 డాలర్లు మించరాదని 1989లో గీటు పెట్టిరి. నేటికిని అదే గీటు. అందువలన అక్కడి వికలాంగులు కష్టకాలమునకై నాలుగు డబ్బులు దాచుకొనుటకు వెరతురు. అయినను ఆ దేశపు నియమము కాపురముండు ఇంటిని, ఒక బండిని లెక్కలోనికి తీసికొనదు. జీవనమునకు పనిముట్టైనదానిని ఐశ్వర్యముగా చూడరాదను వివేకము అందులో కలదు. రైతునకు భూమి పనిముట్టు గదా!

మన సంఘములకు సూటిగా తగులు సంగతి యొకటి చెప్పెదను. 2011లో జరిపిన సామాజిక, ఆర్థిక, కుల గణనమున కొన్ని కుటుంబములను మొదటనే ప్రక్కకు తీసివేయుటకు గుర్తులు పెట్టిరి. 50,000 రూపాయలు గాని అంతకు మించి గాని పరిమితి గల కిసాన్ క్రెడిట్ కార్డు ఆ గుర్తులలో ఒకటి. అప్పు తెచ్చుకొనుటకు వీలుకలుగుటయే సంపదయని భావించిరి! సహకార సంఘమునుండి ఋణము తీసికొన్నవాడు వడ్డీవ్యాపారి బారినుండి తప్పించుకొన్నవాడే గాని ధనికుడు కాడు. ఆ గణనమందే, వికలాంగుడున్న ఇంటిని లేమిగల ఇంటిగా ఎంచవలెనన్న, ఆ ఇంట ఆరోగ్యవంతుడైన పెద్దవాడొక్కడును ఉండరాదని షరతు పెట్టిరి. ఆరోగ్యవంతురాలైన భార్య యుండుటయే నేరమైనది; ఆమె తన కాలమంతయు భర్త సేవకే వెచ్చించుచున్నదను మాట లెక్కకు రాలేదు.

ఇక ప్రతివాదులు చెప్పు మాటను గూడ వినవలెను. ప్రజల సొమ్ము అక్షయపాత్ర కాదు; కలవారికి పంచినచో లేనివారికి తగ్గును; పైగా దొంగ సర్టిఫికెట్లతో పింఛను తినువారు కలరు అని వారందురు. దొంగ సర్టిఫికెట్లు లేవని నేననను. ఉన్నవి, పట్టవలెను, ఇచ్చినవానిని, పుచ్చుకొన్నవానిని గూడ శిక్షింపవలెను. కాని ఆ మోసము జరుగునది మొదటి గడపవద్ద, వైకల్యపు కాగితమునందు. ఎకరముల కొలత ఆ మోసమును పట్టజాలదు. కాళ్లు రెండును చక్కగా నుండి కుంటివాడనని వ్రాయించుకొన్నవానికి భూమి లేకున్నచో ఆస్తి గడప వానిని ఆదరముతో లోనికి పంపును. కాలు నిజముగా పోయి నాలుగెకరములున్నవానిని వెలుపల నిలుపును. కలుపును తీయుటకు బదులు పైరును తీసినట్లున్నది.

ఆంధ్రప్రదేశమున 2025 జనవరినుండి వికలాంగ పింఛనుదారులకు మరల వైద్యపరీక్షలు జరిపించిరి. ఆ యేడు ఆగస్టునందు అనేకులకు, మీ వైకల్యము 40 వంతులకు తగ్గినదనియు, మీరు అనర్హులనియు నోటీసులందినవి. నిజముగా అర్హులైనవారికి గూడ నోటీసులు వచ్చినవను మొర లేచినది. అప్పీలు చేసికొన్నవారికి విచారణ ముగియువరకు పింఛను ఆపమని ప్రభుత్వమువారు పిమ్మట ప్రకటించిరి. ఆ ప్రకటన మంచిదే. నా మనవి యేమనగా, ఆ దయ ప్రకటనగా గాక నియమముగా నుండవలెను. విచారణ ముందు, తీర్పు తరువాత, నిలుపుదల అన్నిటికంటె తరువాత. తెగిన చేయి మరల మొలువదు గావున, శాశ్వత వైకల్యము కలవానిని మాటిమాటికి ఆసుపత్రి వరుసలో నిలువబెట్టుట వ్యర్థ శ్రమ. మారుటకు వీలున్న వైకల్యములకే పునఃపరీక్ష తగును.

సొమ్ము చాలదను మాటకు సమాధానము చెప్పెదను. భూమిని కాగితముమీద చీల్చవచ్చును, ఆదాయమును దాచవచ్చును, గ్రుడ్డితనమును, తెగిన కాలిని కోరికొలది సృష్టింపలేరు. కావున తీవ్రమైన వైకల్యము కలవారందరికిని ఆస్తి విచారణ లేకుండ ఇచ్చినను సంఖ్య ఇష్టానుసారముగా పెరుగజాలదు. మనకంటె బీద దేశమైన నేపాళమున, తీవ్రతనుబట్టి కార్డులిచ్చి, మొదటి రెండు తరగతులవారికి ఆస్తితో నిమిత్తము లేకుండ భత్యమిచ్చుచున్నారు. మన దేశమునందును అట్టి కార్డులు సిద్ధముగానే యున్నవి. కేంద్ర ప్రభుత్వమువారి విశిష్ట గుర్తింపు కార్డు 40 వంతులకు లోబడినవారికి తెలుపు, 40 మొదలు 80 లోపు వారికి పసుపు, 80 మొదలు పైవారికి నీలము రంగున నిచ్చుచున్నారు. రంగు ఉన్నది, దానికి తగిన నియమమే లేదు.

కావున నా సూచనలు నాలుగు. మొదటిది: నీలపు కార్డు కలవారికి ఆస్తి, ఆదాయ, కరెంటు విచారణలేవియు లేకుండ పింఛను నియ్యవలెను. రెండవది: పసుపు కార్డు కలవారి విషయమున కుటుంబపు భూమిని గాక వారి సొంత పేరనున్న భూమినే చూడవలెను, హద్దు దాటినవెంటనే మొత్తము తీసివేయక, దాటినకొలది కొంచెముకొంచెముగా తగ్గింపవలెను. మూడవది: హద్దులను ధరలనుబట్టి ఏటేట సవరింపవలెను. నాలుగవది: 30 మొదలు 40 వంతులలోపు వచ్చిన రైతు, కూలి, గీతకార్మికుల విషయమున వైద్యునితోపాటు ఆ వృత్తి తెలిసినవాడొకడు కూర్చుండి, పని చేయగలడా లేడా యని తేల్చవలెను.

ప్రభుత్వమువారు ఇవి చేయునందాక మనము చేతులు ముడుచుకొని కూర్చుండరాదు. మన సంఘములు చేయదగిన పనులు కలవు. పొలమున ప్రమాదము జరిగిన దినముననే ఆసుపత్రి చీటీలను, పోలీసు కాగితములను భద్రపరచునట్లు సభ్యులకు తెలుపవలెను. సంవత్సరము గడచిన పిమ్మట వెదకిన దొరకవు. సదరము శిబిరమునకు పోలేనివారిని తీసికొనిపోవుటకు సంఘము ఒక బండిని ఏర్పాటు చేయవలెను. అనర్హుడవని నోటీసు వచ్చినచో, ఏ కారణముచేతనో చదివి చెప్పి, గడువులోపల మండల పరిషత్తు కార్యాలయమున అప్పీలు వ్రాయించి రసీదు పుచ్చుకొనవలెను. కౌలుకిచ్చిన భూమి, ఎండిన బోరు, నీరందని మాగాణి ఏవో అడంగలునందు నిజముగా వ్రాయించుకొనవలెను.

చట్టమందున్న రెండు హక్కులను గూడ అడుగుట మరువరాదు. 2016 సంవత్సరపు చట్టము 24వ సెక్షను ప్రకారము వికలాంగులకిచ్చు సాంఘిక భద్రతా సహాయము, అట్టి పథకములలో ఇతరులకిచ్చుదానికంటె కనీసము నూటికి 25 వంతులు ఎక్కువగా నుండవలెను. వృద్ధులకు 4,000, వికలాంగులకు 6,000 చేసిన ఆంధ్రప్రదేశమును, 2023 జూలైనుండి వికలాంగులకు 4,016 చేసిన తెలంగాణమును ఈ విషయమున చట్టమును దాటి ముందునకే నడచినవని ఒప్పుకొనవలెను. 37వ సెక్షను ప్రకారము ప్రభుత్వమువారు పంచు సాగుభూములలోను, ఇండ్లలోను నూటికి 5 వంతులు వికలాంగులకు, అందును స్త్రీలకు ముందుగా, ప్రత్యేకింపవలెను. ఎకరములున్నవని పింఛను కాదనుట యందరికి తెలిసినదే గాని, ఎకరము ఇయ్యవలెనని చట్టము చెప్పుట ఎందరికి తెలియును?

రాబోవు మహాజన సభయందు ప్రతి సంఘమును ఈ విషయమున ఒక తీర్మానము చేసి ప్రభుత్వమువారికి పంపవలెనని నా ప్రార్థన. సహకారమనగా బలవంతులందరు కలిసి ఎరువులు చౌకగా కొనుట మాత్రమే కాదు. నేడు బలవంతుడైన ప్రతివాడును రేపు నూర్పిడి యంత్రము దగ్గర నిలువవలసినవాడే. వికలాంగుని హక్కును కాపాడుట పరోపకారమని తలపకుడు. అది మనలో ప్రతివాడును తనకై తాను కట్టుకొనవలసిన గట్టు.

— ఒక వ్యవసాయ డిమాన్‌స్ట్రేటరు